రెండు జేబుల చొక్కా

మా బావ ఒంటి మీద చొక్కా చూసి, అలాంటిదే మాకూ కావాలని వీధి వీధంతా ఎగబడిన రోజులున్నాయి. ఇప్పుడు చెబితే మా పిల్లలు నమ్మరు. ఆయన కుట్టుషాపు ఉన్నచోట ఇప్పుడు ఫోన్లకు అద్దాలు అతికిస్తున్నారు. అటువైపు వెళ్ళినప్పుడల్లా ఒక్క క్షణం ఆగి లోపలికి తొంగి చూస్తాను. కౌంటరు దగ్గర ఉన్నాయన "ఏం కావాలండీ?" అని అడుగుతాడు. నాకేం కావాలో చెబితే ఆయన దగ్గర దొరుకుతుందా? ఏం లేదని చెప్పి వచ్చేస్తాను.

అది వీధిలోకి తెరుచుకునే ఒకే ఒక్క గది. మధ్యలో నడుమెత్తు బల్ల, దాని మీద బట్టల తానులు, బావ పెద్ద కత్తెర. గోడవారగా రెండు మిషన్లు. ఒక మూల ఇస్త్రీ బల్ల, ఇంకో మూల పరదా కట్టిన ట్రయల్ చోటు. ఆ పరదా పక్కనే కిటికీ కింద నా పీట. నా పని కాజాలు కుట్టడం, గుండీలు వెయ్యడం, వచ్చినవాళ్ళను మాటల్లో పెట్టడం. మూడో పనికి జీతం లేకపోయినా అదే నేను బాగా చేసేదాన్నని బావ అనేవాడు. కొత్త గుడ్డ వాసన, తడిపిన గుడ్డ మీద ఇస్త్రీపెట్టె ఆనగానే లేచే ఆవిరి వాసన, మిషను నూనె వాసన కలిసిపోయి ఆ గదికి ఒక సొంత వాసన ఉండేది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఎక్కడైనా ఇస్త్రీ చేస్తుంటే నా కాళ్ళు అక్కడే ఆగిపోతాయి.

అమ్మా నాన్నా లేకపోవడంతో నన్ను అక్కే పెంచింది. పెళ్ళి చేసుకుని వస్తూ నన్ను కూడా వెంటబెట్టుకుని వచ్చింది. "ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్నారు, తీరా చూస్తే ఉచితంగా వచ్చిందే ఎక్కువ తింటోంది" అని బావ వచ్చినవాళ్ళందరితో చెప్పేవాడు. నేను ఊరుకునేదాన్నా? "మా అక్క యూనిఫాం కాలరు ఒక్కటి సరిచెయ్యడానికి అన్నిసార్లు ట్రయలుకి పిలిచిన మాస్టారు ఎవరో తెలుసా?" అని వాళ్ళకే ఎదురు ప్రశ్న వేసేదాన్ని. అక్క బస్సు డిపోలో టికెట్లు ఇచ్చేది. యూనిఫాం కాలరు మెడకు గుచ్చుకుంటోందని ఈ షాపుకు వచ్చింది. ఆ కాలరు బాగయ్యేసరికి పెళ్ళి కుదిరింది.

బావ సన్నగా, పొడుగ్గా, తలుపు చెక్కలాంటి ఛాతీతో నిటారుగా ఉండేవాడు. కొత్తగా ఏ కత్తిరింపు తలపెట్టినా ముందు తనకే ఒకటి కుట్టుకుని, సాయంత్రం జనం పనుల నుంచి తిరిగొచ్చే వేళకు షాపు గుమ్మంలో నిలబడేవాడు. ఒంటికి అతుక్కున్నట్టుండే ఆ చొక్కాలు ఆయనకు మాత్రమే నప్పుతాయి. ఆ సంగతి కొన్నవాళ్ళకు ఇంటికెళ్ళి అద్దంలో చూసుకున్నాక గానీ తెలిసేది కాదు.

ఒకసారి అలాగే కొత్త చొక్కాకు తన కొలత తానే తీసుకుంటూ బావ టేపు వైపు అనుమానంగా చూశాడు.

"ఈ టేపు ముడుచుకుపోయిందే. ఇస్త్రీ పక్కన వేలాడదీసింది నువ్వేనా మరదలా?"

"నేను కాదు. అయినా పొద్దున్నుంచి వచ్చినవాళ్ళ కొలతలన్నీ బాగానే వచ్చాయి కదా బావా?"

"నువ్వు నీ కాజాలు చూసుకో."

గుడ్డ టేపు ఆవిరి తగిలితే కురచబడుతుంది. కుట్టుపని చేసేవాళ్ళకు అది తెలిసిన సంగతే. కురచబడిన టేపుతో కొలిస్తే ఎవరైనా లావుగానే తేలతారు. బావ కొత్త టేపు కొన్నాడు. కొన్నాళ్ళకు అదీ బాగాలేదన్నాడు, ఇంకోటి కొన్నాడు. మా షాపులో దారం కంటే టేపులే ఎక్కువైపోయాయని నేను అక్కకు చెప్పి నవ్వాను. లోకమంతా ఒళ్ళు పెరిగితే అద్దాన్ని తిడుతుంది, మా బావ టేపును తిట్టాడు. పాతికేళ్ళుగా కొలతను నమ్మి బతికిన మనిషి, తన ఒంటి దగ్గరికి వచ్చేసరికి మాత్రం కొలత తప్పనుకున్నాడు.

ఆ తర్వాతే వచ్చింది రెండు జేబుల చొక్కా. ఛాతీకి అటొకటి ఇటొకటి జేబు, జేబు నడుమ నిలువు మడత, పైన మూత, మూతకో గుండీ. లోపల ముందు భాగమంతా గట్టి కాన్వాసు గుడ్డ. భుజం పట్టీ కింద నుంచి కుచ్చులు వదిలి, ఎక్కడా ఒంటికి తగలకుండా కిందికి దిగిపోయే చొక్కా. అంతవరకు నడుము దగ్గర నూలుపోగంత వదులున్నా ఒప్పుకోని మనిషి అది వేసుకుని గుమ్మంలో నిలబడితే నాకు మతిపోయింది.

"బావా, రెండు జేబులెందుకు? ఒకదాంట్లో అక్కను, ఇంకోదాంట్లో నన్ను పెట్టుకు తిరుగుతావా?"

ఎప్పుడూ మాటకు మాట అంటించే బావ ఆ రోజు నవ్వలేదు. జేబు మూత సర్దుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

ముందు తాళాలు బాగుచేసే ఆయన అడిగాడు, పనిముట్లు పెట్టుకోవడానికి బాగుంటుందని. తర్వాత డిపో డ్రైవర్లు, ఆ తర్వాత స్కూలు మాస్టార్లు అడిగారు. ఒకరిని చూసి ఒకరు, చివరికి వీధిలో ఏ మగాణ్ణి చూసినా రెండు జేబులే. నాకు గుండీలు వేసి వేసి వేళ్ళు కాయలు కాచాయి. బావ చేతి నిండా పని, షాపు నిండా జనం. ఇంత కలిసొచ్చిన మనిషి మొహం మాత్రం రోజురోజుకీ వాడిపోతూ వచ్చింది. తాను భుజాన వేసుకుని ఛాతీకి ఆనించుకు మోసే తానులు ఇప్పుడు నన్ను మొయ్యమనేవాడు. గడ్డం గీసుకోవడం కూడా వారానికోసారికి దిగింది. అదేంటని అడిగితే పెరగడం లేదు కదా అన్నాడు. నేనది బద్ధకం అనుకున్నాను.

ఇంట్లో సంగతి అక్క నోటివెంట ఆలస్యంగా వచ్చింది. ఓ ఆదివారం ఇద్దరం దుప్పట్లు పిండుతున్నాం. అటు చివర తాను, ఇటు చివర నేను.

"నా వైపు తిరిగి పడుకుని ఎన్నాళ్ళైందో తెలుసా మీ బావ? దగ్గరికి వెళితే వెల్లకిలా తిరిగి చేతులు కట్టుకుంటారు. ఉక్కపోతలో కూడా ఆ చొక్కా విప్పరు."

"పని ఎక్కువైంది కదక్కా."

"పనిమీద నెపం పెట్టకు. పిల్లలు లేరని నేను తిరగని ఆసుపత్రి లేదు. చెయ్యని పరీక్ష లేదు. నాలో ఏ లోపం లేదన్నారు, మీ ఆయన్ని తీసుకురమ్మన్నారు. పిలిచినప్పుడల్లా సీజను, సీజను! ఏ కాలంలో లేదు ఈయన సీజను?" దుప్పటిని నీళ్ళు పోయేదాకా కాదు, ప్రాణం పోయేదాకా పిండింది. "ఇంకో మనిషి ఉంది. నాకు తెలుసు. వేరే ఊరి డిపోకి బదిలీ పెట్టుకున్నాను, వచ్చేసింది. వచ్చే నెల మొదట్లో వెళ్ళిపోతాను. నువ్వు వస్తావో ఉంటావో నీ ఇష్టం."

ఆ ఇద్దరూ లేకపోతే నాకు లోకంలో ఇల్లనేదే లేదు. బావకు ఇంకో మనిషి అంటే నేను నమ్మను. పొద్దస్తమానం నా కళ్ళ ముందుండే మనిషి ఎవరిని, ఎప్పుడు చూస్తాడు? కానీ అక్క చెప్పినవన్నీ నిజాలే. బావను నిలదీద్దామని రోజూ అనుకునేదాన్ని. ఆయన మొహం చూసి మళ్ళీ కాజాల మీదికి వంగిపోయేదాన్ని. అక్క పెట్టె సర్దడం మొదలుపెట్టింది. బావ అది చూశాడు. చూసి కూడా ఎందుకని అడగలేదు.

అలాంటి రోజుల్లో ఒక ఉదయం, పెద్ద ఆఫీసులో లిఫ్టు నడిపే ముసలాయన షాపుకు వచ్చాడు. రెండు జేబుల చొక్కా కావాలన్నాడు. కొలతలు పరదా వెనక తియ్యమన్నాడు. కొలతలకు పరదా అవసరం ఉండదు, అయినా పెద్దాయన కదాని బావ లోపలికి తీసుకువెళ్ళాడు. ఇవతల నా పీట, అవతల వాళ్ళు. నడుమ పలుచటి గుడ్డ.

"మాస్టారూ, ఈ చొక్కా మొదట ఎవరికోసం కుట్టారు?"

"ఊరికే, కొత్తగా ఉంటుందని..."

"నా దగ్గర దాచడం ఎందుకులెండి. అందరూ ఫ్యాషన్ అనుకుంటున్నారు. నేను మాత్రం రోడ్డవతల నుంచి చూసి పోల్చుకున్నాను. వస్తువులు పెట్టుకోవడానికి పెట్టిన జేబులు కావివి. ఇదిగో, నన్ను చూడండి."

గుండీలు విప్పుతున్న చప్పుడు.

"నాకు గుండెకిచ్చిన మాత్రల వల్ల వచ్చింది. ఆడదాని ఛాతీలాగా పెరిగిపోతుంటే సిగ్గుతో చచ్చిపోయాను. బనీను మీద బనీను వేసుకుని తిరిగాను. చివరికి డాక్టరుకు చెబితే ఆయన నవ్వలేదు సరికదా, మందు మార్చాడు. కొంత తగ్గింది. మీరేం మందులు వాడుతున్నారు?"

"ఏమీ వాడటం లేదు."

"అయితే అసలు ఆలస్యం చెయ్యకండి బాబూ. ఇది ఊరికే రాదట. మందుల వల్లైనా రావాలి, లోపల ఏదైనా తేడా చేసైనా రావాలి, వెతికి తీరాలి అన్నాడు మా డాక్టరు."

తర్వాత మా బావ గొంతు, నేనెప్పుడూ వినని గొంతు: "నొప్పి కూడా ఉందండీ. టేపు తగిలినా ఓర్చుకోలేను."

చేతిలో ఉన్న చొక్కా పీట మీద పడేసి డిపోకు పరుగెత్తాను. అక్క కిటికీ ముందు బారెడు క్యూ. జనాన్ని తోసుకుని ముందుకెళ్ళి నిలబడితే అక్క తల కూడా ఎత్తకుండా "ఎక్కడికి?" అంది. "ఇంటికి!" అన్నాను. అప్పుడు తలెత్తి నా మొహం చూసి, కిటికీ రెక్క దించేసింది. క్యూలో వాళ్ళ తిట్లన్నీ నేనే తిన్నాను.

డ్రైవర్లు సేదతీరే గదిలో బల్ల మీద కూర్చుని అంతా విన్నది అక్క.

"ఇంకో ఆడది కాదా?" అని అడిగింది చివరికి.

"కాదక్కా."

"అదైనా బాగుండేది. జుట్టు పట్టుకునేదాన్ని." నవ్వబోయి ఏడ్చేసింది. "ఇన్నాళ్ళూ పక్కనే పడుకున్నానే. నాకు ఒక్క ముక్క చెప్పలేదే!"

షాపుకు వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. నన్ను బయట కూర్చోబెట్టి, ఎవరొచ్చినా పంపించెయ్యమని చెప్పి, అక్క లోపలికి వెళ్ళి షట్టరు సగానికి దించింది. స్కూలు మాస్టారొకాయన తన చొక్కా ఇస్తే గానీ కదలనని కూర్చున్నాడు.

"లోపల మాస్టారేం చేస్తున్నారమ్మా?"

"కొలతలు జరుగుతున్నాయండీ."

"ఎవరివి?"

"ఆయనవే."

నేను వేళాకోళం ఆడుతున్నాననుకుని ఆయన పకపకా నవ్వి, రేపొస్తానని వెళ్ళిపోయాడు. లోపల జరిగింది అక్క నాకు ఎన్నో ఏళ్ళ తర్వాత చెప్పింది. వెళ్ళగానే బావ మెడలోని టేపు లాగి తీసుకుందట. నిలబడండి, చేతులెత్తండి అందట. కొలత చొక్కా మీదే తీస్తారు కదా అని బావ గొణిగాడట. "ఆ చొక్కా మీద తీస్తే నాకు మీ జేబుల కొలత వస్తుంది" అని గుండీలు తనే విప్పిందట. ఊరందరినీ కొలిచిన మనిషికి ఇంకొకరు టేపు పెట్టడం అదే మొదలు. అక్క టేపు మెత్తగా చుట్టింది గానీ అంకె చదవలేదు. బావ ఆమె భుజం మీద తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"చెప్పకూడదని కాదు. చెబితే ఇక నువ్వు నన్ను మగాడిగా చూడవేమోనని భయం. నాకు ఏ కోరికా పుట్టడం లేదు. నాకేమైందో నాకే తెలియడం లేదు."

"మీ ఛాతీ చూసి నేను పెట్టె సర్దుకోలేదండీ. మీరు నా మొహం చూడటం మానేశారని సర్దుకున్నాను" అంది అక్క.

మర్నాడే ఆసుపత్రికి వెళ్ళాం. లోపల ఉన్నది లేడీ డాక్టరని తెలిసి బావ గుమ్మంలో ఆగిపోయాడు. అక్క వెనక నుంచి ఒక్క తోపు తోసింది. ఆవిడ మొహమాటం ఎరగని మనిషి. ఎన్నాళ్ళ నుంచి, రెండు వైపులా ఉందా, నొప్పా, కోరిక తగ్గిందా, గడ్డం పెరగడం తగ్గిందా, తాగుతారా, మందులేమైనా వాడతారా అని వరసగా అడిగింది. ఛాతీ చూశాక, కింద కూడా చూడాలంది. రక్తపరీక్షలు, వృషణాలకు స్కానింగు రాసింది.

"అక్కడెందుకండీ? జబ్బు ఇక్కడ కదా?" అని బావ ఛాతీ చూపించాడు.

"ఇక్కడ కనిపిస్తోంది. పుట్టింది ఎక్కడో చూడాలి" అందావిడ.

పుట్టింది అక్కడే. కుడివైపు వృషణంలో బఠాణీ గింజంత గడ్డ. చేతికి కూడా తగలనంత చిన్నది. డాక్టరు అక్కను కూడా కూర్చోబెట్టి చెప్పింది. మగవాళ్ళ హార్మోనును తయారుచేసే కణాలు అక్కడే ఉంటాయట. ఆ కణాల్లోనే అరుదుగా ఇలాంటి గడ్డ పుడుతుందట. కొందరిలో అది హార్మోన్లను తలకిందులు చేస్తుందట. ఆడ హార్మోను పెరిగిపోయి, మగ హార్మోను పడిపోతుంది. గడ్డ ఉన్నట్టు తెలియకముందే ఛాతీ పెరగడం, నొప్పి, కోరిక పోవడం, పిల్లలు కలగకపోవడం ఇవన్నీ మొదలవుతాయట.

"అంటే ఇన్నాళ్ళూ నా ఒంట్లో వెతికింది..." అంది అక్క.

"ఇద్దరినీ మొదటే చూడాల్సిందమ్మా. మిమ్మల్ని అన్నిసార్లు తిప్పడం అన్యాయం" అంది డాక్టరు. ఆ ఒక్క మాట కోసం అక్క ఎన్నేళ్ళు తిరిగిందో నాకు తెలుసు. నాకైతే ఆ పాత ఆసుపత్రులన్నిటికీ వెళ్ళి ఒక్కొక్కరినీ కడిగిపారేసి రావాలనిపించింది.

ఇలాంటి గడ్డలు ఎక్కువమందిలో ప్రమాదం లేనివే అయినా, కొద్దిమందిలో క్యాన్సరు కావచ్చని, తీసి పరీక్షిస్తే గానీ తేలదని ఆవిడ చెప్పింది. ఆ వైపుది మొత్తం తీసెయ్యాలి, రెండోది బాగానే ఉంది కాబట్టి అది చాలు అంది. బావ అక్క వైపు చూశాడు. ఎన్నాళ్ళకో సూటిగా చూశాడు. "తీయించుకోండి. నాకు మీరు కావాలి" అంది అక్క, డాక్టరు ముందే, నా ముందే.

గజ్జ దగ్గర కోసి తీశారు. పరీక్ష ఫలితం వచ్చేదాకా మేము తిన్నది తిండి కాదు, పడుకున్నది నిద్ర కాదు. కొత్త డిపోలో చేరాల్సిన రోజు ఆ మధ్యలోనే దాటిపోయింది. పై అధికారి పిలిచి చీవాట్లు పెడితే అక్క చేతులు కట్టుకుని అన్నీ విని, బదిలీ రద్దు చేయించుకుని, ఆసుపత్రికి వచ్చేసింది. ఫలితం క్యాన్సరు కాదని వచ్చింది. అయినా అప్పుడప్పుడూ వచ్చి చూపించుకుంటూ ఉండాలన్నారు. అక్క కుర్చీలో కూలబడిపోయింది. బావ మాత్రం, "మరి ఇది ఎప్పుడు తగ్గుతుంది?" అని ఛాతీ చూపించి అడిగాడు. నొప్పి పోతుంది, వాపు కొంత తగ్గుతుంది, చాలాకాలంగా ఉన్నది కాబట్టి పూర్తిగా పోకపోవచ్చు, కావాలంటే దానికి వేరే ఆపరేషను ఉంది అన్నారు. చూద్దాంలెండి అన్నాడు బావ. ఆ చూడటం ఎప్పటికీ జరగలేదు.

పిల్లలు కలగలేదు. కొన్నాళ్ళు ఆశపడ్డారు, తర్వాత వయసు దాటింది. నా పిల్లలు వాళ్ళ ఒళ్ళోనే పెరిగారు. అదీ ఇదీ ఒకటేనని నేనెప్పుడూ అనను. అక్క కళ్ళు నాకు తెలుసు.

షాపులో రెండు జేబుల చొక్కా గిరాకీ ఇంకొన్నాళ్ళు సాగింది. కానీ బావ మారిపోయాడు. ఎవరైనా ఆ చొక్కా అడిగితే పరదా వెనక్కి తీసుకెళ్ళి, "ఫ్యాషన్‌కా, అవసరానికా?" అని మొహం మీదే అడిగేవాడు. అవసరానికైతే, "నాకూ వచ్చింది. డాక్టరుకి చూపించుకున్నారా? చూపించుకుని రండి, కుట్టిపెడతాను" అనేవాడు. కొందరు మండిపడి పక్కవీధి టైలరు దగ్గరికి పోయారు. కొందరు వెళ్ళి చూపించుకున్నారు. ఒకాయనది ఒట్టి కొవ్వేనన్నారు, ఒకాయనకు మందు మార్చారు, ఒకాయనకు తాగుడు మాన్పించారు. బావకు వచ్చినటువంటి గడ్డ మాత్రం ఒక్కరిలోనూ బయటపడలేదు. "అది నా ఒక్కడి కొలతకే కుట్టింది" అని నవ్వేవాడు. బాగా పెద్దవాడై, ఈ జబ్బుతో సంబంధం లేకుండా, ఒక తెల్లవారుజామున నిద్రలోనే పోయాడు.

ఆయన తలపుకొచ్చినప్పుడల్లా నా కళ్ళకు కట్టేది ఆపరేషను అయిన ఏడాది ఎండాకాలం. కుట్టవలసిన గుండీల పొట్లం తీసుకుందామని మధ్యాహ్నం పూట చెప్పాపెట్టకుండా ఇంట్లోకి వెళ్ళాను. కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. బావ కుర్చీలో చొక్కా లేకుండా కూర్చుని ఉన్నాడు. చేతిలో టీ గ్లాసు. ఛాతీ కొంత తగ్గినా ఇంకా అలాగే కనిపిస్తోంది. అక్క తన కుర్చీ ఆయన కుర్చీకి ఆనించుకుని, మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుని ఏదో చెబుతోంది. నన్ను చూడగానే బావ చెయ్యి కుర్చీ వెనక వేసిన చొక్కా మీదికి వెళ్ళింది.

అక్క ఆయన కంటే ముందే ఆ చొక్కా అందుకుని, మడతపెట్టి, ఒళ్ళో పెట్టుకుంది. బావ ఒక్క క్షణం ఆమెను చూశాడు. ఆ చెయ్యి వెనక్కి వచ్చి మళ్ళీ గ్లాసు పట్టుకుంది.

"రా మరదలా, ఫ్యాను కింద కూర్చో. ఉక్కగా ఉంది" అన్నాడు.

కూర్చున్నాను. ముగ్గురం డిపో సంగతులు, షాపు సంగతులు మాట్లాడుకున్నాం. ఎండ తగ్గి సాయంత్రమయ్యేదాకా అక్క ఆ చొక్కా ఇవ్వలేదు. బావ అడగనూ లేదు.